ఎదురు డబ్బిచ్చి... చేపల లెక్క!

ఇంజినీరింగ్ పూర్తయింది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. ఈలోగా అమ్మాయి వచ్చి 'నాన్నా, ఓ నెలన్నర వేరే దేశం వెళ్లి, సముద్రంలో మునిగి చేపల్ని లెక్కపెట్టి వస్తా' అంటే? 'జీతం ఎంతిస్తారేం?' అని అడుగుతాడు నాన్న. 'జీతం కాదు, మనమే కట్టాలి' అంటుంది అమ్మాయి. వంటింట్లోంచి అమ్మ తొంగి చూస్తుంది. వరండాలో పేపరు చదువుకుంటున్న తాతయ్య కళ్లజోడు సవరించుకుని ఒకే ఒక్క మాట అంటాడు... 'ఎదురు డబ్బిచ్చి చాకిరీ చెయ్యడమేంటే?'

తాతయ్య ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ అలా ఎదురు డబ్బిచ్చి వెళ్లేవాళ్లు ప్రపంచంలో తక్కువేం లేరు. ఫిలిప్పీన్స్, ఇండొనేసియా, ఫిజీ, బెలీజ్, మడగాస్కర్... పగడపు దిబ్బలున్న దేశాలకు ఏటా ఎక్కడెక్కడినుంచో కుర్రకారు వెళ్తుంటారు. వాళ్లలో కాలేజీ చదువు ముగించినవాళ్లుంటారు, ఉద్యోగానికి సెలవు పెట్టినవాళ్లుంటారు, రిటైరైనవాళ్లూ ఉంటారు. వెళ్లి చేసేదేమిటంటే... సముద్రగర్భంలో టేపు పరిచి, పలకా పెన్సిలూ పట్టుకుని, కనిపించిన చేపల్నీ పగడాల్నీ లెక్క రాసుకోవడం!

మరి ఆ లెక్కలవల్ల పగడపు దిబ్బలు బతుకుతాయా? ఒకచోట ఆ పని ఊళ్లకు ఊళ్లకే దారి చూపింది. ఇంకోచోట పదహారేళ్ల శ్రమ ఒక్క వేసవిలో తెల్లబోయింది. రెండూ నిజాలే. అందుకే రెండు కథలూ తెలుసుకోవాలి.

మొక్కా? రాయా?

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. పగడం అనగానే మనకు గుర్తొచ్చేది నవరత్నాల్లో ఒకటి. కుజుడి కోసం ఉంగరంలో పొదిగించుకునే ఎర్రటి పూస. అది మధ్యధరా సముద్రంలాంటి చోట్ల దొరికే వేరే జాతి. వెచ్చటి సముద్రాల్లో, ఎండ బాగా సోకే తేటనీటిలో దిబ్బలు కట్టే పగడాలు వేరు.

చూడ్డానికి మొక్కల్లా కొమ్మలేసుకుని ఉంటాయి. ముట్టుకుంటే రాళ్లలా ఉంటాయి. నిజానికవి జంతువులు. ఒక్కో కొమ్మమీదా వేలకొద్దీ చిన్న చిన్న జీవులుంటాయి. పాలిప్ అంటారు వాటిని. ఒక్కోటీ నీటిలోని కాల్షియాన్ని తీసుకుని తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. తరాలు గడిచేకొద్దీ గూటిమీద గూడు పేరుకుని అదే దిబ్బ అవుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. గుండ్రటి రాతిముద్దల్లాంటి రకాలైతే ఒక్క సెంటీమీటరు పెరగడమే కష్టం.

ఇంతకీ వీటికి తిండెలా? పాలిప్ ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి, అందులో చాలాభాగం ఇంటి యజమానికి ఇచ్చేస్తుంది. అంటే, పగడానికి తిండి పెట్టేది ఇంట్లో అద్దెకున్నవాళ్లేనన్నమాట. పగడానికి ఆ రంగులిచ్చేదీ ప్రధానంగా వాళ్లే. వేసవిలో ఉండాల్సినదానికన్నా నీరు ఒక్క డిగ్రీ వేడెక్కి, కొన్ని వారాలపాటు అలాగే ఉంటే చాలు... ఈ కాపురం చెడుతుంది. పగడం ఆ నాచును బయటకు గెంటేస్తుంది. రంగు పోయి, తెల్లటి సున్నపు ఎముక బయటపడుతుంది. దీన్నే 'బ్లీచింగ్' అంటారు. వెంటనే చచ్చిపోదు. నీరు త్వరగా చల్లబడితే అద్దెవాళ్లు తిరిగొస్తారు. లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

సముద్రగర్భంలో ఈ దిబ్బలున్నది ఒక్క శాతంకన్నా తక్కువ చోటే. కానీ సముద్రజీవుల్లో దాదాపు పాతిక శాతం జాతులకు ఏదో ఒక దశలో ఇవే ఇల్లు. ఉపఖండం చుట్టూ లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. గోదావరీ కృష్ణా ఏటా ఒండ్రు తెచ్చి కలిపే మన తీరంలో మాత్రం పెద్ద దిబ్బలు పెరిగే వీల్లేదు. వీటికి తేటనీరు కావాలి మరి!

ముందు పరీక్ష పాసవ్వాలి

'సముద్రంలో ఈదులాడుతూ ఫొటోలు దిగి రావడమేగా' అనుకుని వెళ్లినవాళ్లకు మొదటి వారంలోనే నీరసం వస్తుంది. ఎందుకంటే తొలి రోజులన్నీ చదువుకే సరిపోతాయి.

మొదట డైవింగ్ నేర్చుకోవాలి. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి. ఏ ఆధారమూ లేకుండా పది నిమిషాలు నీటిమీద తేలాలి. అది వస్తేనే సిలిండరు వీపుకెక్కుతుంది. మొదటి సర్టిఫికెట్ వచ్చినవాళ్లు 18 మీటర్ల లోతుదాకా వెళ్లొచ్చు. ఆస్తమా, గుండెజబ్బు, చెవి సమస్యలుంటే డాక్టరు ఒప్పుకోవాలి. లోతునుంచి గబుక్కున పైకి రాకూడదు. రక్తంలో కరిగిన నత్రజని సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కట్టి ప్రాణంమీదికి తెస్తుంది. ఆఖరి డైవ్ చేశాక కనీసం 18 గంటలు గడవందే విమానం ఎక్కకూడదనే సలహా కూడా అందుకే.

అన్నిటికన్నా కష్టమైంది నీటిలో కదలకుండా నిలబడ్డం. పైకి తేలకూడదు, కిందికి దిగకూడదు. ఊపిరితోనే తూకం చూసుకోవాలి. కాలికున్న రెక్క ఒక్కసారి తగిలితే చాలు... పదేళ్లుగా పెరిగిన కొమ్మ పుటుక్కున విరిగిపోతుంది. కాపాడటానికొచ్చినవాళ్లే విరగ్గొట్టడంకన్నా అన్యాయం ఉంటుందా? అందుకే నీటిలో నిలకడ రాని మనిషిని దిబ్బ దగ్గరికి రానివ్వరు.

ఆ తర్వాత పేర్లు బట్టీపట్టాలి. ఏ చేపకు ఎన్ని చారలు, ఏ పగడం మెదడులా ఉంటుంది, ఏది జింకకొమ్ములా ఉంటుంది... ఫొటోలు చూసి చెప్పాలి. తర్వాత నీటిలో చూసి చెప్పాలి. అక్కడ ఇంకో తిరకాసు. నీరు ముందుగా ఎరుపు రంగును మింగేస్తుంది. కొద్ది మీటర్లు దిగేసరికి ఎర్రటి చేప కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. అంటే రంగును నమ్ముకుంటే లాభం లేదు. ఆకారాన్నీ నడకనూ గుర్తుపట్టాలి. తప్పుగా రాసిన లెక్కకన్నా అసలు రాయకపోవడమే నయం. అందుకని పరీక్ష పెడతారు. పాసైనవాళ్లు రాసిందే లెక్కలోకి తీసుకుంటారు.

వంద మీటర్ల టేపు

మామూలు మనుషుల్ని ఇలా సముద్రంలోకి దింపి లెక్కలు రాయించాలన్న ఆలోచనకు ప్రపంచమంతటా ఊపు తెచ్చింది 'రీఫ్ చెక్'. గ్రెగర్ హాడ్జ్‌సన్ అనే సముద్రశాస్త్రవేత్త 1996లో దీన్ని మొదలుపెట్టాడు. ప్రపంచంలోని దిబ్బలన్నీ చూడ్డానికి శాస్త్రవేత్తలు చాలరు. వాళ్లను తిప్పడానికి డబ్బూ చాలదు. కానీ సరదాగా డైవింగ్ చేసేవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు తేలికైన పద్ధతి నేర్పితేనో? మరుసటి ఏడాది, 1997లో చేసిన మొదటి సర్వేలో 31 దేశాల్లోని 300కు పైగా దిబ్బల లెక్కలు వచ్చాయి. మనుషులకు దూరంగా ఉన్నాయనుకున్న దిబ్బల్లో కూడా పెద్ద చేపలు కరువయ్యాయని అప్పుడే తెలిసింది.

పద్ధతి ఇలా ఉంటుంది. దిబ్బ వెంబడి ఒకే లోతులో వంద మీటర్ల టేపు పరుస్తారు. పరిచాక ఓ పావుగంట దూరంగా ఆగుతారు. ఎందుకంటే మనుషుల్ని చూసి చెదిరిన చేపలు మళ్లీ రావాలి కదా! ఆ తర్వాత 20 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు, మధ్యలో అయిదేసి మీటర్ల ఖాళీ. మొదటి జట్టు టేపుకు అటూ ఇటూ కలిపి అయిదు మీటర్ల వెడల్పున చేపల్ని లెక్కపెడుతుంది. రెండో జట్టు సీ అర్చిన్లు, సముద్ర దోసకాయలు, రాతిరొయ్యల్లాంటి వాటిని చూస్తుంది. ఇంకో జట్టు టేపుమీద ప్రతి అర మీటరుకూ ఆగి, సరిగ్గా దానికింద ఏముందో రాస్తుంది. బతికున్న పగడమా, చచ్చిన పగడమా, నాచా, ఇసకా, రాయా? అలా మొత్తం 160 చోట్ల.

అన్ని చేపల్నీ లెక్కపెట్టక్కర్లేదు. కథ చెప్పే కొన్నిటిని చూస్తే చాలు. గ్రూపర్ చేప పెద్దది, రుచైనది. వేట పెరిగితే ముందు మాయమయ్యేవాటిలో అదొకటి. చిలక ముక్కులాంటి నోరున్న చేపలు నాచు గీక్కుని తింటాయి. అవి తగ్గితే నాచు పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది. సీతాకోకచిలుకలా రంగులున్న చేపల్లో చాలావాటికి పగడమే తిండి. పగడం పోతే అవీ పోతాయి. ముళ్లబంతిలాంటి సీ అర్చిన్లు మరీ పెరిగాయంటే వాటిని తినే చేపల్ని ఎవరో పట్టేశారని అర్థం. డాక్టరు నాడి, నాలుక, కన్ను చూసి రోగం చెప్పినట్టన్నమాట.

రోజుకు రెండు డైవ్‌లు. సాయంత్రం కూర్చుని తడిపలకమీది గీతల్ని పుస్తకంలోకి ఎక్కించాలి. సిలిండర్లు మోయాలి, సామాను కడగాలి, పడవ తొయ్యాలి. చాలాచోట్ల కరెంటు కొద్ది గంటలే. స్నానానికి బకెట్ నీళ్లు. రోజూ ఇంచుమించు అదే భోజనం. ఇదీ సంబరం!

ఆక్టోపస్ నేర్పిన పాఠం

ఇక మొదటి కథ. ఆఫ్రికా పక్కనున్న పెద్ద ద్వీపం మడగాస్కర్. దాని నైరుతి తీరంలో ఇసక మేటల మధ్య అండవడువాక అనే పల్లె ఉంది. అక్కడివాళ్లను వెజో అంటారు. పక్కన కొయ్యదుంగ కట్టిన సన్నటి తెరచాప పడవలే వాళ్ల ఆస్తి. వెజో అంటే కులం కాదు, పుట్టుకతో వచ్చేది కాదు. సముద్రంతో కుస్తీపట్టి బతకడం నేర్చిన ప్రతివాడూ వెజోయేనని వాళ్ల నమ్మకం.

2003లో అలస్డైర్ హారిస్ అనే బ్రిటిష్ యువకుడు, మిత్రులతో కలిసి 'బ్లూ వెంచర్స్' అనే సంస్థ పెట్టి ఈ పల్లెలో మకాం వేశాడు. పరిశోధనకు డబ్బెక్కడిది? అక్కడే వాలంటీర్లు అక్కరకొచ్చారు. ఆరువారాలకని వచ్చేవాళ్లు కట్టే రుసుముతో పడవలకు ఆయిలూ, సిలిండర్లకు గాలీ, సిబ్బందికి జీతాలూ. వాళ్లు పరిచే టేపులతో దిబ్బల లెక్కలు. తాతయ్య అడిగిన 'ఎదురు డబ్బు'కు సమాధానం ఇదే. కూలి చేసిపెట్టడానికి కాదు... ఆ పని సాగడానికయ్యే ఖర్చులో తమ వాటా కట్టడానికి.

అయితే ఆ ఊరివాళ్ల మనసు మార్చింది ఆ పట్టికలు కాదు. ఆక్టోపస్! అప్పటికే ఎగుమతి వ్యాపారులు ఆ తీరంలోకి వచ్చారు. ఆక్టోపస్‌కు రొక్కం ఇచ్చేవారు. పెద్ద పోటు, పాటు వచ్చే రోజుల్లో దిబ్బలు నీటిపైకి తేలతాయి. ఆడవాళ్లు ఈటెలు పట్టుకుని నడుచుకుంటూ వెళ్లి, బొరియల్లో దాక్కున్న ఆక్టోపస్‌లను పట్టేవారు. ఏటికేడు దొరికేవి చిన్నవైపోతున్నాయి, తక్కువైపోతున్నాయి.

ఆక్టోపస్ విచిత్రమైన జీవి. ఏడాది, ఏడాదిన్నర... అంతే దాని ఆయువు. కానీ ఆ కాస్తలోనే శరవేగంగా బరువు పెరుగుతుంది. ఆడది ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టి, వాటికి కాపలా కాసి చచ్చిపోతుంది. అంటే కొద్ది నెలలు జోలికి పోకుండా వదిలేస్తే చాలు, ఫలితం కళ్లముందే కనబడుతుంది. 2004 నవంబరులో ఊరి పెద్దలు ఒప్పుకుని నోసీ ఫాసీ అనే ఇసకదీవి చుట్టూ వేట ఆపేశారు. ఏడు నెలలు! మళ్లీ 2005 జూన్‌లో తెరిచారు. అంతకుముందుకన్నా పెద్ద పెద్ద ఆక్టోపస్‌లు దొరికాయి. ఆ కబురు విని పక్క ఊళ్లవాళ్లూ దిగిపోయారు. దాచుకున్న లాభం కాస్తా కొద్ది రోజుల్లోనే హారతి కర్పూరమైంది.

ఇంకొకళ్లయితే 'మనం ఆపడం, వాళ్లు పట్టుకుపోవడం... ఎందుకొచ్చిన గొడవ' అనుకునేవాళ్లే. వీళ్లు అలా అనుకోలేదు. పక్క ఊళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టారు. 2006లో పాతిక వరకూ పల్లెలు కలిసి 'వెలొండ్రియాకె' అనే కట్టుబాటు ఏర్పరచుకున్నాయి. 'సముద్రంతో కలిసి బతకడం' అని ఆ మాటకు అర్థం. దాదాపు 640 చదరపు కిలోమీటర్ల సముద్రం. ఎక్కడ ఎప్పుడు వేట ఆపాలో, ఎవరు తప్పితే ఎంత జరిమానానో వాళ్లే రాసుకున్నారు. కొన్నిచోట్ల శాశ్వతంగా వేట మానేశారు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం తెలిసిందే. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన నియమం అది. మడగాస్కర్లో ఆ నియమం ఊరి అరుగుమీద పుట్టింది. అదీ తేడా.

ఫలితం? ఎనిమిదేళ్లలో ఇలా ఆపి తెరిచిన 36 సందర్భాల లెక్కలు తీసి 2015లో పరిశోధకులు ప్రచురించారు. తెరిచిన నెలలో ఆ చోట్ల ఆక్టోపస్ దిగుబడి అంతకుముందుకన్నా 700 శాతానికి పైగా పెరిగింది. శాశ్వతంగా వేట మానేసిన చోట్ల చేపల మొత్తం బరువు ఆరేళ్లలో దాదాపు మూడింతలైందని 2020లో ఇంకో అధ్యయనం చెప్పింది. ఏళ్ల తరబడి నీటికింద టేపులు పరిచారు కాబట్టే ఈ మాట రుజువుతో చెప్పగలిగారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. 2012లో ఇలాంటి తీరపల్లెలన్నీ కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి.

జాగ్రత్తగా చూస్తే ఇందులో ఒక సంగతుంది. వాలంటీర్లు దిబ్బను కాపాడలేదు. కాపాడింది ఈటె కిందపెట్టి ఏడు నెలలు ఆగిన ఆడవాళ్లు. ఆకలిని ఓర్చుకున్నది ఆ ఇళ్లు. దూరంనుంచి వచ్చినవాళ్లు చేసింది లెక్క రాయడం, ఆ లెక్కకు ఖర్చు భరించడం. ఆ తేడా తెలిసి వెళ్లేవాళ్లే అక్కడ పనికొస్తారు.

కొమ్మలకు జ్వరమొచ్చింది

రెండో కథ అమెరికాలోది. ఫ్లోరిడా దక్షిణాన గొలుసులా ఉండే దీవుల వెంబడి జింకకొమ్ము పగడాలు, దుప్పికొమ్ము పగడాలు ఒకప్పుడు తోటల్లా ఉండేవి. 1970ల చివరినుంచి రోగాలూ వేడీ కలిసి వాటిని ఊడ్చేశాయి. కెన్ నెడిమయర్ అనే డైవర్ 2007లో 'కోరల్ రెస్టొరేషన్ ఫౌండేషన్' పెట్టాడు. ఆలోచన మన గులాబీ అంటులాంటిదే. బతికున్న కొమ్మనుంచి చిన్న ముక్క తుంచి, సముద్రంలో తేలేలా కట్టిన ప్లాస్టిక్ గొట్టాల 'చెట్టు'కు వేలాడదీస్తారు. ఇసకా పురుగూ తగలదు, వెలుతురు నలువైపులా పడుతుంది. కొన్ని నెలల్లో గుబురుగా పెరుగుతుంది. అప్పుడు తీసుకెళ్లి దిబ్బమీద జిగురుతో అతికిస్తారు.

ఇక్కడా వాలంటీర్లే. చెట్లకు పట్టిన నాచు గీకడం, దారాలు మార్చడం, ముక్కలు కట్టడం, నాటడం. నర్సరీలో మొక్కలు పెంచినట్టు వేలకు వేల పగడాలు పెంచారు. పదహారేళ్లు!

2023 వచ్చింది. ఆ ఏడాది వేడి ఆగస్టుదాకా ఆగలేదు. జులైలోనే మొదలైంది. జులై 24న అక్కడి మానటీ బే అనే నిస్సారమైన లోతులేని చోట నీటి ఉష్ణోగ్రత 38.4 డిగ్రీల సెల్సియస్ చూపించింది. ఫారెన్‌హీట్లో 101. పిల్లాడి నోట్లో థర్మామీటరు ఆ అంకె చూపిస్తే స్కూలు మాన్పిస్తాం. దిబ్బలున్న చోట అంత లేకపోయినా పగడాల్ని చంపడానికి సరిపడా ఉంది. సోంబ్రెరో అనే దిబ్బకు జులై 20న వెళ్లి చూసిన ఫౌండేషన్ డైవర్లకు అక్కడ బతికున్న పగడం ఒక్కటీ కనిపించలేదు.

అప్పుడేం చేశారు? పరుగులు పెట్టారు. నర్సరీ చెట్లనుంచి కొమ్మలు తెంపి, నీళ్ల తొట్లలో పెట్టి, ఒడ్డుమీది ట్యాంకుల్లోకి చేర్చారు. కాలిపోతున్న ఇంట్లోంచి పెట్టె బయటకు లాగినట్టు. అలా కొన్ని రకాల విత్తనమైతే మిగిలింది. 2025 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో ఆ వేసవి లెక్క అచ్చయింది. ఫ్లోరిడా కీస్‌లో ఈ రెండు జాతుల పగడాల్లో దాదాపు 98 నుంచి 100 శాతం చచ్చిపోయాయి. కొద్దో గొప్పో మిగిలినా దిబ్బ కట్టే పని ఇక వాటివల్ల కాదు.

ఇది ఒక్క ఫ్లోరిడా గొడవ కాదు. 2023 జనవరిలో మొదలైన వేడి ప్రపంచంలోని నాలుగో మహా బ్లీచింగ్‌కు దారితీసింది. 2025 ఏప్రిల్‌నాటికి ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతాన్ని పగడాలు తెల్లబడేంత వేడి తాకిందని లెక్క తేలింది. వేట ఆపితే చేపలొస్తాయి. వేడిని మాత్రం ఏ పల్లె కట్టుబాటూ ఆపలేదు. అది ఎక్కడో మండే బొగ్గులోంచీ పెట్రోల్లోంచీ వస్తుంది. ఆ దిబ్బను చూడ్డానికెక్కే విమానంలోంచి కూడా!

మరెందుకు వెళ్లడం?

ఇంత జరిగాక కూడా టేపు పట్టుకుని మునగడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి సమాధానం మన లక్షద్వీప్‌లో ఉంది. 1998లో సముద్రాలు వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున చనిపోయాయి. అప్పటినుంచీ పరిశోధకులు అవే దిబ్బలకు మళ్లీ మళ్లీ వెళ్లి లెక్కలు రాస్తున్నారు. 24 ఏళ్ల లెక్కలు దగ్గరపెట్టి చూస్తే బతికున్న పగడం దాదాపు సగానికి పడిపోయింది. అంతేకాదు, కాస్త ఊపిరాడే ఏళ్లు వరసగా దొరికితే దిబ్బలు తిరిగి కోలుకోగలవని కూడా ఆ లెక్కలే చెప్పాయి. ఏ దిబ్బ తట్టుకుంది, ఏది తట్టుకోలేదు, వేటనుంచి ముందు దేన్ని కాపాడాలి... ఇవన్నీ తెలిసేది వాటితోనే.

డేనియల్ పౌలీ అనే మత్స్యశాస్త్రవేత్త 1995లో ఓ మాటన్నాడు. ప్రతి తరమూ తను చిన్నప్పుడు చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుందని. తాత చూసిన మోరెత్తు చేప నాన్నకు తెలియదు, నాన్న చూసిన జానెడు చేప కొడుక్కు తెలియదు. ఎవరికి వారు 'ఎప్పుడూ ఇంతేగా' అనుకుంటూ పోతే అడుగంటేదాకా పోయిందన్న సంగతే తెలియదు. ఆ మరుపుకు మందు... పలకమీద తారీఖు వేసి రాసిన లెక్క.

అంటే వాలంటీరు దిబ్బకు వైద్యుడు కాదు. వార్డులో పూట పూటకూ జ్వరం చూసి చార్టులో రాసే నర్సులాంటివాడు. చార్టు లేకపోతే వైద్యం గుడ్డిది. చార్టొక్కటే ఉంటే రోగి బతకడు. రెండూ గుర్తుంచుకోవాలి.

పంపేముందు...

పిల్లలు నిజంగానే వెళ్తామంటే పెద్దవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. మొదటిది, రాసిన లెక్కలు ఎవరు చదువుతారు? ఏ విశ్వవిద్యాలయానికి, ఏ మత్స్యశాఖకు, ఏ ఊరి సంఘానికి చేరతాయి? 'అబ్బే, అదంతా కంప్యూటర్లో పెడతాం' అంటే అది పని కాదు, విహారం. విహారమే కావాలనుకుంటే తప్పులేదు, కానీ దానికి సేవ అని పేరు పెట్టకూడదు.

రెండోది, ఆ ఊరివాళ్లలో ఎంతమందికి డైవింగూ లెక్కలూ నేర్పారు? బయటివాళ్లు విమానమెక్కి వెళ్లిపోయాక కూడా పని సాగాలంటే అక్కడివాళ్ల చేతికి పలక రావాలి. స్థానికుడికి దొరకాల్సిన జీతపు పనిని ఎదురు డబ్బిచ్చే విదేశీయుడు ఆక్రమించకూడదు కూడా.

మూడోది భద్రత. పడవలో ఆక్సిజన్ ఉందా? డైవింగ్ ప్రమాదాలకు వైద్యం చేసే పీడన గది ఎన్ని గంటల దూరం? బీమాలో డైవింగ్ ఉందా? పర్యాటక వీసాతో ఈ పని చెయ్యొచ్చా? ఇవన్నీ కాగితంమీద రాయించుకోవాలి. విమాన ఛార్జీలతో కలిపి ఖర్చు లక్షల్లోకి పోతుంది కాబట్టి, కట్టే ప్రతి రూపాయీ దేనికి పోతోందో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇంకో మాట. ముందు సముద్రం పడుతుందో లేదో తెలుసుకోవడానికి విదేశం దాకా పోనక్కర్లేదు. విశాఖ రుషికొండ దగ్గరా, అండమాన్లోనూ డైవింగ్ నేర్పుతున్నారు. అక్కడ నాలుగు రోజులు మునిగి తేలాక కూడా ఉత్సాహం మిగిలితే అప్పుడు ఆలోచించవచ్చు.

ఇక తాతయ్య ప్రశ్న. ఎదురు డబ్బిచ్చి చాకిరీ చెయ్యడమేంటి? అండవడువాకలో ఆ డబ్బు దేనికి పోయిందో, ఆ చాకిరీ ఎవరికి పనికొచ్చిందో చెబితే ఆయనకు అర్థమవుతుంది. ఫ్లోరిడా సంగతి చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. నాలుగేళ్లు వరసగా కరవొచ్చినా అయిదో ఏడు విత్తనం దాచిన తరం కదా! కాకపోతే అమ్మాయి బయల్దేరేటప్పుడు ఆయన ఇంకో ప్రశ్న వెయ్యకమానడు. 'వెళ్లొచ్చాక ఇంట్లో ఆ ఏసీ కాస్త తగ్గిస్తావా మరి?'

ఆ ప్రశ్నలోనూ న్యాయం ఉంది.